జడలబర్రె కోసం ఒక బండి

మొన్న మధ్యాహ్నం బస్ డిపో ఎదురుగా చాయ్ తాగుతుంటే మహారాష్ట్ర నంబరున్న ఒక పెద్ద వ్యాన్ వచ్చి ఆగింది. పైన నీళ్ల ట్యాంకు, వెనక అదనపు టైరు, పక్కన చుట్టి కట్టిన పందిరి గుడ్డ. అందులోంచి దిగిన జంట మిర్చి బజ్జీలు ఎక్కడ దొరుకుతాయని అడిగి అటువైపు వెళ్లారు. తలుపు తెరిచే ఉంచారు. ఎండకు కాగిన రెగ్జిన్ వాసన, దాని కింద పాత స్పాంజి వాసన, కొంచెం డీజిల్, కొంచెం ఉల్లిగడ్డ అన్నీ కలిసి బయటికి వచ్చాయి. చుట్టూ మూగినవాళ్లు లోపల మంచం ఉందని, పొయ్యి ఉందని వింతగా చెప్పుకుంటున్నారు. నాకు అందులో వింతేమీ లేదు. నేను ఇంకొక వాసన కోసం చూశాను. అప్పుడే పుట్టిన దూడను పడుకోబెడితే పరుపుకు పట్టే తడి వాసన అది. ఎస్తేరు డాక్టరమ్మ బండిలో ఆ వాసన ఎన్నిసార్లు కడిగినా పోలేదు. ఈ బండిలో లేదు. చాయ్ చల్లారిపోయింది, ఇంకొకటి చెప్పాను.

ఆమె నారాయణఖేడ్ పశువుల దవాఖానలో డాక్టరు. నేను ఆమె కింద అటెండరును. పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉండేది. ఊళ్లకు వెళ్లేటప్పుడు చీర మీద మగవాళ్ల ఫుల్ షర్టు వేసుకుని చేతులు మడిచేది. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా, అందరికంటే కొంచెం ముందుగా పాడేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఒక ఆవును పట్టుకుందామని హుషారుగా ముందుకు ఉరికితే ఆమె వేసిన కేక దవాఖాన గోడ అవతలికి వినిపించింది.

"ఏయ్ నర్సింలూ! నిన్నెవలు ముట్టమన్నరు?"

"పట్టుకుందామని డాక్టరమ్మా..."

"అది నిన్ను చూస్తుంది. జర చూడనియ్యి. నువ్వు గూడ చూడు."

అట్లా ఆమె, నేను, ఆవు ముగ్గురం ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం. ఆవు యజమాని మమ్మల్ని పిచ్చివాళ్లనుకుని ఉంటాడు. నేను కూడా కొంత అట్లాగే అనుకున్నాను. తర్వాత సంవత్సరాల్లో ఆ నిలబడడం నాకూ అలవాటైంది. ఏ ఊరి నుంచి పిలుపు వచ్చినా ఆమె వెళ్లేది. వాన అని, జ్వరం అని, పండుగ అని ఎప్పుడూ అనలేదు. మేం విసుక్కునేవాళ్లం. క్రిస్మస్ రోజు కంగ్టి దగ్గర గేదె కడుపు ఉబ్బిందంటే కొత్త చీర మీదనే షర్టు వేసుకుని బయలుదేరింది. ఆ రోజు బిర్యానీ వదిలేసి ఆమె వెనక జీపెక్కిన కోపం నాకు ఇప్పటికీ ఉంది.

జీపులో ఆమె ఎక్కువగా మాట్లాడేది జడలబర్రె గురించి. మంచు కొండల్లో ఉండే, వెంట్రుకలు నేలకు తగిలే ఆ పశువును మేం ఫోటోలో తప్ప చూడలేదు. కాలేజీలో చదువుకునేటప్పుడు పరీక్షలో దాని మీద ప్రశ్న వచ్చిందట. పుస్తకంలో ఉన్నదంతా రాసిందట, మంచి మార్కులు వచ్చాయట. అందులో బాధేముందో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

"ముట్టని పశువు మీద మార్కులు తెచ్చుకున్న నర్సిం. దొంగతనం లెక్కుంటది నాకు."

"అందరూ గట్లనే చదువుతరు గదా డాక్టరమ్మా."

"అందరి సంగతి నాకెందుకు? ఒక్కపాలి దాని మీద చెయ్యి పెట్టాలె. గంతే."

రైలెక్కి పోవచ్చు కదా అని ఒకసారి అన్నాను. రైల్లో పోతే వాళ్లు చూపించింది చూసి రావాలని, జడలబర్రె స్టేషనుకు రాదని, అది ఎక్కడుంటే అక్కడ ఆగి, అక్కడే వండుకుని, అక్కడే పడుకునే బండి కావాలని చెప్పింది. అట్లాంటి బండ్లు ఉంటాయని నేను అప్పుడే మొదటిసారి విన్నాను. రిటైరయ్యే రోజు దవాఖాన ముందు షామియానా వేసి శాలువా కప్పారు. ఆమె తమ్ముడు సామ్యేలు మా ఊరి బస్ డిపోలోనే కండక్టరు. ఆ సభలోనే అందరి ముందు, అక్క ఇక హాయిగా ఇల్లు కట్టుకుంటుందని ప్రకటించాడు. ప్లాటు కూడా చూసిపెట్టాడు. ఆమె మైకు తీసుకుని, ఇల్లు కట్టడం లేదు, బండి కొంటున్నాను అని చెప్పి కూర్చుంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

"అక్కా, లోకమంత రిటైరైతే ఇల్లు కట్టుకుంటది," అని సామ్యేలు మొత్తుకున్నాడు. "నా నౌకరంత బండిలనే గడిచింది. బండిల ఏముందే? దుమ్ము, లొల్లి, చిల్లర పంచాది."

"నేను కొనేది గూడ ఇల్లేరా. దానికి టైర్లుంటయి."

ఇక ఊరంతా సలహాలే. పాత అంబులెన్సు కొనమని ఒకరు, బడి వ్యాను కొని సీట్లు పీకేయమని ఒకరు. ఆమెకు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కావాలి. అది ఎందుకో నాకు ఆమె భాషలోనే చెప్పింది. "నాలుగు కాళ్లూ నేలను తన్నాలె నర్సిం. ముంగటి కాళ్లు ఊకె దొర్లుకుంట, ఎనక కాళ్లతోని నూకేది నాకొద్దు." కొత్తది కొనే స్తోమత లేదు. అందుకని ఫోనులో పాత బండ్ల ఫోటోలు చూస్తూ ఉండేది. జహీరాబాద్ దగ్గర ఒకటి చూడడానికి వెళ్లాం. తళతళ మెరుస్తోంది. ఆమె దగ్గరికి కూడా పోలేదు. అంగడిలో ముసలి ఎద్దు కొమ్ములకు నూనె రాసినట్లుందని చెప్పి వెనక్కి తిరిగింది. అమ్మేవాడు మా వెనక కేకలు వేస్తూ రోడ్డు దాకా వచ్చాడు.

చివరికి బీదర్ దగ్గర ఒక పప్పుల వ్యాపారి దగ్గర బండి ఉందని తెలిసింది. పేరు శివరాజప్ప. హైదరాబాద్‌లో ఎవరో ఉద్యోగం చేసే జంట లోపల మంచం, సింకు, గ్యాసు పొయ్యి, కిటికీ తెరలు అన్నీ పెట్టించుకుని, తర్వాత మోజు తీరి అమ్ముకున్నారట. శివరాజప్ప కుటుంబంతో పుణ్యక్షేత్రాలు తిరగడానికి కొన్నాడు. మొదటి ఘాట్ రోడ్డు దాటేసరికి ఇంట్లో ఆడవాళ్లందరికీ వాంతులు. అప్పటి నుంచి బండి కందుల గోదాము పక్కన రేకుల షెడ్డులో ఉంది. సామ్యేలు కూడా మాతో వచ్చాడు. బేరం చెడగొట్టడానికే వస్తున్నానని దారిలోనే చెప్పాడు, దాపరికం లేని మనిషి.

పొద్దున్నుంచి బండి స్టార్ట్ చేయవద్దని ఆమె ముందే ఫోను చేసి చెప్పింది. వెళ్లగానే షెడ్డు గుమ్మం దగ్గర ఆగిపోయింది. దూరం నుంచే చూస్తోంది. బండి ఒక పక్కకు వంగిందా, కింద నూనె మరక ఉందా, టైర్లు ఒకేలా అరిగాయా. శివరాజప్ప చాయ్ తెప్పించాడు, అది తాగేదాకా ఆమె బండిని ముట్టలేదు. తర్వాత వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. అప్పుడు స్టార్ట్ చేయమంది. పొగ కాసేపు తెల్లగా వచ్చి తేరుకుంది. ఆర్సీ తీసుకుని, ఆవు చెవి ట్యాగు చూసినట్లు ఛాసిస్ నంబరు ఒక్కొక్క అంకె చదివి పోల్చింది. మంచం, పొయ్యి పెట్టించిన సంగతి ఆర్సీలో ఎక్కిందో లేదో చూసింది. గోనెసంచి పరుచుకుని కింద దూరి, చిన్న సుత్తితో కొడుతూ తుప్పు వెతికింది. ఆమె కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. సామ్యేలు నా వైపు చూసి, "మా నాయిన ఉంటే ఏడుస్తుండె," అన్నాడు.

తేలాల్సిన సంగతి ఒక్కటే మిగిలింది. ముందు చక్రాలు లాగుతాయా లేదా. వానలు పడి శివరాజప్ప చేను నల్లరేగడి మెత్తగా ఉంది. ఆమె బండిని తిన్నగా అందులోకి దింపింది. వెనక చక్రాలు దిగబడ్డాయి. ముందు చక్రాలకు బలం కలిపే చిన్న గేరు లాగింది. ఏమీ కాలేదు. మళ్లీ లాగింది. వెనక టైర్లు బురద ఎగజిమ్ముతున్నాయి, ముందువి కదలడం లేదు. ఆమె ముఖం చూడలేకపోయాను. సామ్యేలుకు సంతోషించే అవకాశం వచ్చింది గానీ అతనూ ముందు చక్రాల వైపే చూస్తున్నాడు. శివరాజప్ప సిగ్గుపడుతూ, తాను అది ఎప్పుడూ వాడలేదని చెప్పి హైదరాబాద్ జంటకు ఫోను కలిపాడు. ముందు చక్రాల మధ్యలో ఒక మూత ఉంటుందని, దిగి దాన్ని చేత్తో తిప్పితేనే ఇంజను బలం వాటికి అందుతుందని వాళ్లు చెప్పారు. నేనూ శివరాజప్పా మోకాలి లోతు బురదలో వంగి చెరొకటి తిప్పాం. ఈసారి నాలుగు చక్రాలూ పట్టుకున్నాయి. బండి నెమ్మదిగా, కొంచెం మూలుగుతూ, గట్టు మీదికి ఎక్కింది. ఆమె దిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట ఒక్కటే కాదని నాకు తెలుసు.

బేరం సంగతి రాయను. ఇద్దరూ మొండివాళ్లే, ఇద్దరూ తామే నష్టపోయామని చివరిదాకా చెప్పుకున్నారు. శివరాజప్ప భార్య బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టింది. డాక్టరమ్మ వద్దనలేదు. తర్వాత ఆదివారం మా పాస్టరుగారు ఆ కుంకుమ పక్కనే చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. సామాన్లు సరిచూసుకునేటప్పుడు జాకీ ఉంది, పానాలు ఉన్నాయి. దిగబడితే లాగడానికి సీటు కింద మందపాటి తాడు ఒకటి ఉండేది. శివరాజప్ప దాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"హగ్గ కొడంగిల్ల అక్కా," అన్నాడు. తాడు ఇవ్వకూడదు అని కన్నడంలో; ఇల్ల అంటే కాదు, లేదు అని. "ఇల్ల, ఇల్ల. తప్పు."

సామ్యేలు వెంటనే అందుకున్నాడు. "విన్నవా అక్కా? బండి అమ్మేటోడు గూడ ఇల్లు, ఇల్లు అనే మొత్తుకుంటుండు."

అందరం నవ్వాం, ఆమె తప్ప. మా వైపు ఎద్దును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడే తాడు తెచ్చుకోవాలి. పలుపుతో పాటు అమ్మినవాడి ఇంటి కలిమి కూడా పోతుందని నమ్మకం. ఇంజనున్న బండికి అదేమిటని ఆమె కోప్పడుతుందని అనుకున్నాను. ఆమె గంభీరంగా తలూపింది. "అవు, పలుపు ఎట్లిస్తడు? ఆయన ఇంటి బర్కత్ ఆయన దగ్గరనే ఉండాలె." అంతటితో ఊరుకుంటే బాగుండేది. కొత్త తాడు కొనడం ఇద్దరం మరిచిపోయాం. కంగ్టి అవతల మొదటిసారి బండి పొట్ట దాకా దిగబడినప్పుడు ముందు చక్రాల మూతలు తిప్పినా లాభం లేకపోయింది. చివరికి ఒక రైతు కాడెద్దులను కట్టి లాగించాడు. ఆ రైతు నవ్విన నవ్వు నెలరోజులు అంగడిలో తిరిగింది.

కంగ్టి అవతలికి ఎందుకు వెళ్లామంటే, పిలుపు వచ్చింది కాబట్టి. కొండల్లో దారులు మూసుకుపోయే కాలం వచ్చిందని, వచ్చే ఎండాకాలం బయలుదేరుతానని ఆమె అంది. కొత్త డాక్టరు వచ్చినా జనం అలవాటు కొద్దీ ఆమెకే ఫోను చేసేవాళ్లు. జీపులు పోని తాండాలకు ఈ బండి పోతుందని తెలిసిపోయింది. "డాక్టరమ్మా, జల్దీ నీ ఇల్లు తోలుకొని రా" అనేవాళ్లు. తల్లి చచ్చిన దూడ ఒకటి ఆ మంచం మీద పడుకుని వచ్చింది. సింకులో గ్లూకోజు సీసాలు, పొయ్యి మీద మరిగే సిరంజీలు. మంచు కొండల కోసం కొన్న బండి మా చుట్టుపక్కల బురదలోనే తిరిగింది. నాకు నిజంగా కోపం వచ్చేది, ఎవరి మీదనో చెప్పలేను. మరుసటి ఎండాకాలం సామాను సర్దింది. గాలికుంటు రోగం వచ్చి ఊరూరా పశువులు నోట్లో పుండ్లతో పడిపోతుంటే సామాను దించింది. ఆ ఏడాది చివర ఆమె ఎడమ మోకాలు వాచింది. సంగారెడ్డిలో ఎముకల డాక్టరు చూసి, ఇంకో ఏడాదికి క్లచ్ తొక్కలేవని చెప్పాడు. ఆ మాట ఆమె నాకు చెప్పలేదు, సామ్యేలు చెప్పాడు. బండి వద్దన్న మనిషే ఇప్పుడు రోజూ వచ్చి గొడవపడేవాడు.

"కొన్నవు గదనే. పో ఇగ! గీ బర్రెలు నువ్వు పుట్టకముందు గూడ ఈనినయి."

ఆ తర్వాతి ఎండాకాలం నిజంగానే బయలుదేరింది. పొద్దున్నే సామ్యేలు ఎండు జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టి తెచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లారు. నేను పైన ట్యాంకు నింపి దిగాను. ఆమె సీట్లో కూర్చుని తాళం పెట్టింది. అప్పుడు ఫోను మోగింది. కల్హేర్ వైపు ఒక ఊరి రైతు, సంగయ్య. ఆమెకు పాత పరిచయం. అతని బర్రె తెల్లవారకముందు నుంచీ ఈనలేక అవస్థ పడుతోంది, ఒక కాలు బయటికి వచ్చి ఆగిపోయింది. కొత్త డాక్టరు సెలవులో ఉన్నారు. ఆమె స్పీకరు పెట్టి, అడగాల్సినవన్నీ అడిగింది. ఎప్పుడు మొదలైంది, నీళ్లు పోయాయా, తల తగులుతోందా. నేను పైన కట్టిన సామాను వైపు చూశాను, విప్పాల్సి వస్తుందేమోనని. సామ్యేలు తల పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"సంగయ్యా, నర్సిం వస్తుండు," అంది.

"నువ్వు రావా డాక్టరమ్మా?"

"రాను."

ఆ మాట ఆమె నోట నేను అంతకుముందు వినలేదు. ఊరికి పోతున్నానని గానీ, మోకాలు నొప్పని గానీ ఆమె చెప్పలేదు. ఫోను పెట్టేసి, పక్క సీటు కింది నుంచి తన మందుల బ్యాగు తీసి నా చేతికిచ్చింది. ఇట్లాంటి కాన్పులు ఆమె పక్కన నిలబడి ఎన్నో చేశాను. పక్కన ఆమె లేకుండా ఎప్పుడూ చేయలేదు.

"నాతోని కాకపోతే డాక్టరమ్మా?"

"కాకపోతే కాదు. నాతోని గూడ కాని రోజులున్నయి. జల్దీ పో."

ఆమె ఒక దిక్కు, నేను కల్హేర్ దిక్కు. నా మోటారుసైకిలు అద్దంలో ఆ బండి మూల తిరిగేదాకా చూశాను. సంగయ్య ఇంట్లో మగవాళ్లంతా నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని దారి వైపు చూశారు. దూడ తల వెనక్కి మళ్లి ఉంది. మోచేతి దాకా లోపల పెట్టి, వేళ్లకు దవడ తగలడం, జారడం, మళ్లీ తగలడం. నా చెయ్యి నాది కాకుండా పోయింది. తల తిప్పి బయటికి తీసేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. బర్రె బతికింది. దూడ బతకలేదు. గడ్డితో రుద్దాను, ముక్కులోకి ఊదాను, కాళ్లు పట్టి ఎత్తాను. పెయ్య దూడ. సంగయ్య నా చేతుల మీద నీళ్లు పోస్తూ, కోపం లేకుండానే అన్నాడు. "డాక్టరమ్మ వస్తే బతుకుతుండె."

సాయంత్రం ఆమే ఫోను చేసింది. నాందేడ్ దాటానని, రోడ్డు పక్కన ఆగానని చెప్పింది. లారీల చప్పుడు వినిపిస్తోంది.

"ఏమైంది?"

"బర్రె మంచిగుంది. దూడ సచ్చింది డాక్టరమ్మా."

లారీలు రెండు మూడు పోయాయి.

"నేనొస్తే బతుకుతుండెనా?"

ఏం చెప్పినా తనిఖీ చేసేవాళ్లు ఎవరూ లేరు. నువ్వొచ్చినా అంతే అని ఒక్క మాట అంటే ఆమె ఆ రాత్రి హాయిగా పడుకునేది. నోటి దాకా వచ్చింది కూడా. నాకు నిజంగా తెలియదు.

"ఏమో డాక్టరమ్మా."

"సరే," అంది. "ఈనినంక మాయ పడ్డదా?" అని అడిగింది.

"పడ్డది."

"రేపు మళ్ల పోయి సూడు. జరం గిట్ల వస్తదేమో."

"పోత."

ఫోను పెట్టేసింది. వెనక్కి తిరిగి వస్తుందని సామ్యేలు రెండు రోజులు భయపడ్డాడు. రాలేదు. చాలా రోజుల తర్వాత, సిగ్నలు సరిగా లేని ఫోనులో, గాలి హోరులో ఆమె గొంతు వినిపించింది. "పెట్టిన నర్సిం." ఏం పెట్టావంటే, "చెయ్యి" అంది. ఎట్లా ఉందని అడిగితే, పైన వెంట్రుకలకు మంచు, వేళ్లు లోపలికి పోతే వెచ్చగా ఉందని చెప్పి నవ్వింది. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి. వచ్చాక మోకాలికి ఆపరేషన్ అయింది. మళ్లీ నడపలేదు. బండిని ఎవరో ఫోటోలు తీసే కుర్రవాళ్లు కొనుక్కుపోయారు. సంగయ్య మాత్రం అంగడిలో ఆమె ఎదురైతే పక్కకు తిరిగేవాడు. ఒకసారి నేను వెళ్లి సర్దిచెప్పబోతే ఆమె ఆపింది. "ఆయన దూడ సచ్చింది. కోపం ఉండనియ్యి." పోయిన చలికాలం ఆమె కన్నుమూసింది. సంగయ్య రాలేదు.

ఆమె ఆ పొద్దున తప్పు చేసిందా, సరిగ్గా చేసిందా అని నన్ను అడిగినవాళ్లున్నారు. నేను తీర్పు చెప్పను. ఈ ఏడు మా బిడ్డను నర్సింగు కాలేజీలో చేర్పించడానికి హైదరాబాద్ బయలుదేరాను. బస్సు కదిలాక ఫోను వచ్చింది, ఒక తాండా నుంచి, ఎద్దు పడిపోయిందని. రాను అన్నాను. మా దవాఖానకు కొత్తగా వచ్చిన మనిషి నంబరు ఇచ్చాను. ఎందుకు రావని అతను అడిగాడు. జ్వరమనో, చావనో చెప్పడం సులభమే. ఏమీ చెప్పలేదు. బిడ్డ నా ముఖం వైపు చూసింది. కాలేజీ పని, హాస్టల్ పని అయ్యేసరికి పొద్దు వాలింది. గేటు బయట నిలబడి నేనే ఆ తాండా నంబరుకు ఫోను చేశాను. రింగు పోతున్నంతసేపూ పెట్టేయాలనిపించింది. పెట్టేయలేదు. అవతల ఎత్తారు. ఏమైందని అడిగాను.